తడవని గొట్టం

పోయిన వారం మనం డిజైనమ్మను వాలు రోడ్డు దిగువన, తూము దగ్గర, గొట్టం మూతి ముందు గొంతుక్కూర్చోబెట్టి వదిలేశాం. పాపం, ఆ మనిషి ఇంకా అక్కడే ఉంది. గొట్టంలోకి మోచేయి దాకా చేయి పెట్టి తడిమింది. పొడిగా వెళ్లిన చేయి పొడిగానే బయటికి వచ్చింది. వేళ్లకు కాస్త దుమ్ము అంటింది, ఒక సాలెగూడు చుట్టుకుంది. సాలీడు నింపాదిగా ఇల్లు కట్టుకుందంటే ఈ గొట్టంలోంచి నీళ్లనేవి ఎన్నడూ రాలేదన్నమాట.

తారు రోడ్డు మీద సీరియలేమిటని మూతి తిప్పుకున్నవాళ్లు మీలో ఉన్నారని నాకు తెలుసు. తిప్పుకోండి, రోజూ నడిచేది దాని మీదే కదా. కొత్తగా వచ్చినవాళ్ల కోసం మాత్రం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు వెళతాను.

పనివాళ్లంతా డిజైనమ్మ అని పిలిచే ఈవిడ తారుమిక్సులు తయారుచేసే ఇంజనీరు. అన్నయ్య రోడ్ల కాంట్రాక్టరు. గుట్ట మీంచి కిందికి దిగే రోడ్డు వాన పడ్డప్పుడల్లా కాలవైపోతుంటే, దానికి మామూలు తారు వద్దు, నీళ్లు తాగే తారు వేద్దామని పట్టుబట్టింది ఆమే. ఇందులో గారడీ ఏమీ లేదు. ఇసుక, పొడి తగ్గించేసి దాదాపు ఒకే సైజు రాళ్లు తీసుకుంటారు. చిక్కటి తారులో సన్నటి నార కలిపి, ఆ తారు కిందికి కారిపోకుండా రాయినే పట్టుకుని ఉండేలా చూస్తారు. రాయికీ రాయికీ మధ్య సందులు మిగులుతాయి. వాన నీళ్లు రోడ్డు మీద పారకుండా ఆ సందుల్లోంచి దిగి, అడుగున పరిచిన నడుములోతు కంకరలో చేరతాయి. అక్కడ కొంత నేలలో ఇంకుతుంది, మిగిలింది గొట్టంలోంచి తూములోకి వస్తుంది. మొన్నటి వానకు చుట్టుపక్కల వీధులన్నీ మోకాటిలోతు మునిగితే, ఈ రోడ్డు మీద మాత్రం జనం చెప్పులు తడవకుండా నడిచారు. ఊరు అన్నయ్యను నెత్తిన పెట్టుకుంది. అంతా బాగానే ఉంది, గొట్టం తప్ప.

నేల తాగేసిందేమోలే అని ఆమె మనసుకు సర్దిచెప్పుకోబోయింది. మనసు వినలేదు. ఆ నేలను పరీక్ష చేసింది తనే. జిగురుమట్టి. కడివెడు నీళ్లు పోస్తే పొద్దుగూకేదాకా గుటక వేయకుండా కూర్చునే రకం. అంత వాన అది తాగలేదు. గొట్టంలోంచి రాలేదు. రోడ్డు మీద నిలవలేదు. అయితే ఎటు పోయినట్టు?

తూము పక్కన మెట్లు దిగితే ఒక ఇళ్ల వరస. రోడ్డు పైన, ఇళ్లు కింద. మధ్యలో మట్టి జారకుండా ఎవరో ఎప్పుడో కట్టిన నిలువెత్తు రాతిగోడ. వరసలో మొదటి ఇల్లు పిన్నిది. అమ్మ పోయాక అన్నాచెల్లెళ్లిద్దర్నీ ఒక కుట్టుమిషను మీద పెంచి మనుషుల్ని చేసిన పిన్ని. చేతుల దుమ్మైనా దులుపుకోకుండా డిజైనమ్మ లోపలికి వెళ్లింది.

పిన్ని మిషను మీంచి తలెత్తలేదు, కాలు ఆపలేదు.

"ఏమే, ఆ చేతులేంటి? గుడ్డల జోలికి రాకు. రేపు ఇచ్చేయాల్సినవి."

"వెనకవైపు ఒకసారి చూస్తాను పిన్నీ."

"తలుపు తెరుచుకుంటే చూడు. వాన పడ్డ మర్నాటి నుంచీ మొండికేస్తోంది. వడ్రంగి వచ్చి చిత్రిక పట్టి వెళ్లాడు. రెండు రోజులు బాగుంది, మళ్లీ మామూలే. దానికీ నా మోకాళ్లకీ ఒకేసారి వయసొచ్చింది."

డిజైనమ్మ భుజం ఆనించి నెట్టింది. తలుపు కొంత జరిగి, కిర్రుమని నేలకు పట్టేసింది. ఆమె వంగి చూసింది. చెక్క ఉబ్బలేదు. గడప పక్కన గచ్చు లేచి ఉంది. వడ్రంగి తలుపును తప్పుపట్టాడు గానీ, తలుపు పాపం ఉన్నచోటే ఉంది. కింద నేల పైకి వస్తోంది.

సందు చేసుకుని బయటికి వెళ్లింది. వంటింటికీ గోడకూ మధ్య ఒక మనిషి నడిచేంత జాగా. ఎండ నిటారుగా పడి గోడ రాళ్లన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. అరచేయి ఆనించింది. ఎండలో ఉన్న రాయి కాలాలి. ఇది చల్లగా ఉంది. తడి ఎక్కడా లేదు. గోడకు నీళ్లు కారడానికని అక్కడక్కడా బెజ్జాలు వదిలారు గానీ, అవన్నీ మట్టి పట్టి ఎప్పుడో పూడుకుపోయాయి. పొడి రాయి, చల్లటి రాయి. చల్లదనం రాయి వెనక నుంచి వస్తోంది.

లోపలికి వచ్చి కత్తెర తీసుకుని, పిన్ని దారం కండె లాక్కుని, కత్తెరను దారానికి కట్టింది.

"నా మంచి కత్తెర. ఏం చేస్తావు దాన్ని?"

"పారేయనులే."

స్టూలెక్కి దారాన్ని గోడ పైఅంచు నుంచి వదిలింది. గోడ నిటారుగా ఉంటే దారం దాన్ని ఒరుసుకుంటూ దిగాలి. దారం నడుం దగ్గర రాళ్లకు తగిలి, అక్కడి నుంచి గాలిలో వేలాడింది. గోడకు పొట్ట వచ్చింది. పాదానికీ దారానికీ మధ్య బెత్తెడు దూరం.

ఆమె స్టూలు దిగి లోపలికి వచ్చింది.

"పిన్నీ, నువ్వివాళ అన్నయ్య ఇంటికి వెళ్లిపో. ఇప్పుడే. ఇంకో నాలుగు రోజులు అక్కడే ఉండు."

"ఈ బట్టలు నీ మొగుడు కుడతాడా?"

"గోడ బాగాలేదు."

"అది బాగుంది ఎప్పుడే? నేను ఈ ఇంట్లోకి వచ్చినప్పుడే దానికి నడుం వంగింది." పిన్ని అప్పుడు కాలు ఆపి, కళ్లజోడు పైకి నెట్టుకుని, మురిపెంగా చూసింది. "వానొస్తే వీధిలో బురద తొక్కని రోజు నాకు గుర్తులేదు. మొన్న చుక్క నీరు లేదు. అందరూ వచ్చి మీ అమ్మాయి వేసిన రోడ్డేనా అని అడిగి వెళ్లారు. నువ్వేసిన రోడ్డు కింద కూర్చుని నేను భయపడాలా? వెళ్లు, పని చూసుకో."

మిషను మళ్లీ మొదలైంది. డిజైనమ్మ ఇంకో మాట అనబోయి, ముందు సంగతేమిటో తేల్చుకుని వద్దామని మెట్లెక్కింది. తేల్చుకునేదాకా ఆగకుండా పిన్నిని రెక్కపట్టుకుని లాక్కెళ్లి ఉంటే ఎంత బాగుండేదో. కానీ మనుషులు అలా చేయరు కదా.

పైన గుట్ట నెత్తిన టెంటు వేసి కుర్చీలు పరుస్తున్నారు. నీళ్లు తాగే రోడ్డును చూడటానికి పెద్ద ఇంజనీరూ, ఆయన వెంట మరో నలుగురైదుగురూ వస్తున్నారు. ఆ సందడికి దూరంగా, పిన్ని ఇంటికి సరిగ్గా పైన, రోడ్డు అంచున తారు బాబాయి నిలబడి చీపురు పట్టినవాళ్ల మీద అరుస్తున్నాడు. నాన్న కాలం నుంచీ ఆయనే తారు మేస్త్రి. తారు వాసన చూసి వేడెంతో చెప్పడం ఆమెకు చిన్నప్పుడు నేర్పింది ఆయనే. ఆయన కొట్టించే రోలరు కింద రోడ్డు ఇస్త్రీ చేసినట్టు వస్తుందని పేరు.

"బాబాయ్, కోత మిషను తెప్పించు. ఇక్కడ ఒక ముక్క తీయాలి."

బాబాయి ఆమె మొహంలోకి చూసి, చూపు తిప్పుకున్నాడు. "ఇవాళా? పెద్దవాళ్లొచ్చే పూట, ముస్తాబు చేసి కూర్చోబెట్టిన పిల్ల బుగ్గ మీద గాటు పెడతానంటావా తల్లీ?"

"పెట్టాలి."

"రేపు చేద్దాం. ఎండ కూడా మండిపోతోంది, మిక్సు మెత్తగా ఉంటుంది."

"బాబాయ్, నువ్వు ఎండకి భయపడటం నేనెప్పుడూ చూడలేదు."

ఆయన ఒకణ్ణి పంపించాడు. మిషను వచ్చింది. గుండ్రటి పళ్ల గొట్టం గీపెడుతూ రోడ్డులోకి దిగింది. మిషను ఆపి, లోపల తెగిన ముక్కను పట్టకారుతో పైకి లాగారు. డిజైనమ్మ దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే సందుల్లోంచి ఆకాశం కనిపించింది. ప్రతి రాయికీ తారు నిండుగా పట్టి ఉంది, ఒక్క సందూ పూడలేదు. జల్లెడ లాంటి ముక్క. తను చేసిన మిక్సులో తప్పులేదు. ఆ ఒక్క క్షణం ఆమెకు ఊపిరాడింది.

తర్వాత గుంటలోకి చూసింది.

కింద చిన్న కంకర కనిపించాలి. కడిగిన కంకర, బూడిద రంగులో, రాయికి రాయి విడివిడిగా. అది కనిపించలేదు. నల్లగా, నున్నగా, మూత పెట్టినట్టు ఒక పొర ఉంది. వేలితో గీకింది. తారు. తారులో కలిసి గట్టిపడ్డ రాతిపొడి. మిషను పక్కనున్న సీసా తీసి నీళ్లు పోసింది. నీళ్లు కిందికి దిగలేదు. గుంటలో కాసేపు నిలబడి, తర్వాత తీరిగ్గా ఒక పక్కకు, తెగిన అంచులోని సందుల్లోకి జారిపోయాయి. ఆ పక్క ఏదో చూడటానికి ఆమె తలెత్తనక్కర్లేదు. అటువైపు గోడ ఉంది. గోడ కింద పిన్ని ఉంది.

కోత మిషను మనిషిని టీ తాగి రమ్మని పంపించి, ఆమె లేచి నిలబడింది.

"ఎవరు చేశారు బాబాయ్?"

బాబాయి తలకు కట్టుకున్న తువ్వాలు విప్పి, మడిచి, మళ్లీ విప్పాడు.

"నేనే కొట్టించాను."

"ఎప్పుడు?"

"నువ్వు పిన్నికి కంటి ఆపరేషను చేయిస్తూ ఆస్పత్రిలో ఉన్నావు చూడు, ఆ రోజు. లారీలొచ్చి వరసగా నిలబడ్డాయి, మిక్సు పొగలు కక్కుతోంది. చూద్దును కదా, కింద తారు చల్లలేదు. పొడి రాయి. పొడి రాయి మీద తారు పోస్తే పట్టుకుంటుందా తల్లీ? మీ నాన్న మాకు మొట్టమొదట నేర్పింది అదే. కింద పొరకి తారు చల్లకుండా పై పొర వేసిన మేస్త్రిని ఆయన పనిలోంచి తీసేసేవాడు."

"నా డ్రాయింగులో తారు చల్లమని లేదు."

"లేదు. మర్చిపోయావనుకున్నాను."

ఆయన చెప్పుకుపోయాడు. మాట మొదలయ్యాక ఆయనకు కాస్త ధైర్యం వచ్చినట్టుంది. పాత పనిమంతుడు చేసిన పని చెప్పుకునేటప్పుడు ఉండే ధీమా కూడా కొద్దిగా ఉంది.

"పిన్ని కంటి బెంగలో మర్చిపోయి ఉంటావు. ఫోను చేసి అడుగుదామనుకున్నాను. అడిగితే చిన్నబోతావు. పక్కన కుర్ర ఇంజనీర్లున్నారు, వాళ్లకి తెలిస్తే ఇంత చదివిన మనిషికి తారు చల్లాలని కూడా తెలియదా అని నవ్వుతారు. అందుకని చడీచప్పుడు లేకుండా స్ప్రే బండి తెప్పించి దండిగా కొట్టించాను. లారీ టైర్లకి అంటుకుని లేచిపోకుండా పైన రాతిపొడి చల్లించాను. రోలరు తిప్పించాను. అద్దంలా వచ్చింది. నీ పేరు పోకుండా చూశాననుకున్నాను."

ఇదీ సంగతి. ఆమె ఏమీ రాయలేదు, ఎందుకంటే ఆమె లెక్కలో రాయకపోవడమే చల్లవద్దని చెప్పడం. ఆయన లెక్కలో అది ఎవరూ రాయనక్కర్లేని పని, అన్నం తినేముందు చేయి కడుక్కోమని ఎవరూ రాయనట్టు. ఇద్దరూ ఎవరి పని వాళ్లు ప్రాణం పెట్టి చేశారు. మధ్యలో ఒక్క మాట, ఒకే ఒక్క మాట పడి ఉంటే సరిపోయేది. ప్రేమ ఎక్కువై ఆ మాట ఆగిపోయింది.

కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ బాబాయి నల్లబడిన గోళ్లను చూస్తూ దాన్ని బయటికి తీయడం ఆమె వల్ల కాలేదు.

"బాబాయ్, ఈ రోడ్డుకి కింద రాయి పొడిగానే ఉండాలి. పై పొర దాన్ని పట్టుకోనక్కర్లేదు, దాని మీద కూర్చుంటే చాలు. నీళ్లు దిగాలి కదా. ఆ దారికి నువ్వు మూత వేశావు."

"నీళ్లు దిగుతూనే ఉన్నాయిగా. మొన్న వానకి అందరం చూశాం."

"పై పొరలోకి దిగుతున్నాయి. నీ మూత మీద పడి, దాని మీద జారి, వాలంతా దిగొచ్చి ఇదిగో ఈ అంచు దగ్గర చేరుతున్నాయి. అడుగు కంకరకి ఒక్క చుక్క కూడా చేరలేదు. అందుకే గొట్టంలో సాలీడు కాపురం పెట్టింది."

"అంచు దగ్గర చేరి?"

"అంచు అవతల ఏముంది బాబాయ్?"

బాబాయి అంచు వైపు చూశాడు. గోడ పైరాళ్లు, వాటి అవతల ఇళ్ల కప్పులు, ఒక కప్పు మీద ఆరేసిన దుప్పటి. ఆయన నెమ్మదిగా రోడ్డు మీదే కూలబడ్డాడు.

"మామూలు తారు వేసి ఉంటే నయం," అందామె. "దాని మీద నీళ్లు కళ్లెదురుగా పారి కాలవలోకి పోయేవి. ఇప్పుడు గుట్ట మీద పడ్డ వానంతా కంటికి కనిపించకుండా తెచ్చి గోడ వెనక పోస్తున్నాం. గోడకి పొట్ట వచ్చింది. పిన్ని గచ్చు లేచింది."

"నా చేతులు పడిపోను."

"అవి పడిపోతే పని ఎవరు చేస్తారు? లే. ఈ అంచు పొడుగునా కాలవ తవ్వించి నీళ్లను తూములోకి మళ్లించాలి. తర్వాత పైదంతా లేపి నీ మూత తీసేయాలి. అప్పటిదాకా ఈ రోడ్డు మీద చుక్క నీరు పడకూడదు. ఆకాశం శుభ్రంగా ఉంది, అదొక్కటే మన అదృష్టం."

ఆ మాటకు బాబాయికి ధైర్యం రావాలి. రాలేదు సరికదా, ఆయన మొహంలో ఉన్న కాస్త రక్తం కూడా పోయింది. గుట్ట నెత్తి వైపు చేయి చూపించాడు.

"ట్యాంకర్లు," అన్నాడు.

"ఏ ట్యాంకర్లు?"

"నీకు చెప్పలేదా? వచ్చినవాళ్లకి రోడ్డు నీళ్లు తాగడం చూపించాలి కదా. వానెప్పుడొస్తుందో ఏం తెలుసు. అన్నయ్య ట్యాంకర్లు మాట్లాడాడు. నువ్వు మురిసిపోతావని, నీకు చెప్పొద్దన్నాడు. పొద్దున్నే ఒక ట్యాంకరు పోసి రిహార్సలు కూడా చేశాం."

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. ఆగకుండా వాలెక్కుతూ పిన్నికి ఫోను చేసింది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. మిషను చప్పుడులో పిన్నికి ఫోను ఏనాడు వినిపించింది గనక. బాబాయి మోకాళ్లు పట్టుకుంటూ వెనకే వస్తున్నాడు.

పైన టెంటు కింద అందరూ వచ్చి కూర్చున్నారు. ట్యాంకర్లు రోడ్డుకు అడ్డంగా వరసగా నిలబెట్టి ఉన్నాయి. అన్నయ్య ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా వేసుకుని, ఒక ట్యాంకరు మూత తీసి అందులో ఏదో పొడి పోయిస్తున్నాడు. చెల్లెలిని చూసి మొహం వెలిగిపోయింది.

"వచ్చావా? నీ కోసమే చూస్తున్నాను. నీలం రంగు కలుపుతున్నాం. ఉత్తి నీళ్లయితే ఎండలో ఫొటోకి కనిపించవట. నీలంగా పారి, చూస్తుండగానే మాయమైపోవాలి."

ఆమె అతని చేయి పట్టుకుని ట్యాంకరు వెనక్కి లాక్కెళ్లింది.

"అన్నయ్యా, నీళ్లు వదలకు. కింద కంకర మీద బాబాయి తారు కొట్టించాడు. నీళ్లు కిందికి దిగడం లేదు, గోడ వెనక్కి పోతున్నాయి."

అన్నయ్య జేబురుమాలు తీసి చేతికంటిన నీలం తుడుచుకున్నాడు.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"తారు కొట్టించాడని. ఆ రోజు సాయంత్రం వచ్చి చూశాను. అప్పటికే సగం రోడ్డు వేసేశారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే పీకించేదానివి." అతను గొంతు తగ్గించాడు. "పీకిస్తే ఏమయ్యేది? కొత్తరకం రోడ్డని గొప్పలు పోయి మొదటి రోజే పీకేశారని ఊరంతా ముక్కున వేలేసుకునేది. మళ్లీ ఎవరైనా మనకి ఈ పని ఇచ్చేవారా? ఇప్పుడు చూడు. నీళ్లు తాగుతోంది, అందరూ మెచ్చుకుంటున్నారు. గుట్ట చుట్టూ ఉన్న రోడ్లన్నీ ఇలాగే వేయించాలని వచ్చారు వాళ్లు."

"గోడకి పొట్ట వచ్చింది. పిన్ని వెనక గదిలో గచ్చు లేచింది. ఇప్పుడే చూసి వస్తున్నాను."

అతని చేతిలో రుమాలు ఆగింది. పిన్ని పేరు తగిలినచోట తగిలింది. కానీ టెంటు వైపు ఒకసారి చూసేసరికి ఆ మొహం మళ్లీ కాంట్రాక్టరు మొహమైపోయింది.

"అది పాత గోడ. ఎప్పట్నుంచో అలాగే ఉంది. పొద్దున ఒక ట్యాంకరు పోశాం, ఏమైనా అయిందా? ఈ ఒక్క గంట నోరు మూసుకో. వాళ్లు కారెక్కగానే రోడ్డంతా తవ్వుకో, నేను అడ్డం చెప్పను. పిన్నిని నేనే వెళ్లి తీసుకొస్తాను."

"ముందు తీసుకురా."

"ఏమ్మా, డిజైను మీదేనట కదా," అని పెద్ద ఇంజనీరు పిలవనే పిలిచాడు. మంచి మనిషి, నవ్వు మొహం. "మీరే తిప్పండి. మీ చేతుల మీదుగా జరగాలి."

అందరూ ఆమె వైపు తిరిగారు. ట్యాంకరు నీళ్లు వదిలే చక్రం ఆమె చేతికి అందేంత దూరంలో ఉంది. తన రోడ్డు గురించి తను చెప్పుకోవలసిన మాటలు ఎన్ని రోజులుగా మనసులో పేర్చుకుందో. ఇప్పుడు వాటిని పక్కన పెట్టేసింది.

"నీళ్లు పోయకూడదండీ," అంది. "ఈ రోడ్డు తప్పుగా పడింది."

ఫొటోగ్రాఫరు కెమెరా దించాడు. పెద్ద ఇంజనీరు నవ్వు సగంలో నిలిచిపోయింది.

"తప్పు నాది బాబూ," అన్నాడు వెనక నుంచి తారు బాబాయి, ఆయాసంతో. "అమ్మాయిది కాదు. నేను—"

అన్నయ్య పెద్దగా నవ్వాడు. "మా ఇంట్లో ఇదీ వరస సార్. మా చెల్లెలికి తన పని తనకే నచ్చదు. లోకమంతా మెచ్చుకున్నా ఇంకా ఏదో వంక వెతుక్కుంటుంది. మా బాబాయేమో పిల్ల మీద ఈగ వాలనివ్వడు." ఆ నవ్వుతోనే చెల్లెలిని పక్కకు జరిపి చక్రం తిప్పేశాడు. ఆమె రెండు చేతులతో చక్రాన్ని పట్టుకుంది. ఇనుప చక్రం ఆమె వేళ్లలోంచి జారింది. అతని బలం ముందు ఆమె బలమెంత.

నీలం నీళ్లు భళ్లున రోడ్డు మీద పడ్డాయి. వాలు మీద కొంతదూరం పరిగెత్తాయి. పరిగెత్తుతూనే సన్నబడ్డాయి. చూస్తుండగానే రోడ్డు వాటిని మింగేసింది. నల్లటి తారు మీద నీలం మచ్చలు తప్ప ఏమీ మిగల్లేదు. టెంటు కింద చప్పట్లు మోగాయి. పెద్ద ఇంజనీరు కుర్చీలోంచి లేచి వచ్చి, వంగి రోడ్డును చేత్తో తడిమి, "అద్భుతం," అన్నాడు.

డిజైనమ్మ ఒక్కతే రోడ్డు వైపు చూడలేదు. కింద గోడ అంచు వైపు చూస్తూ నిలబడింది. అక్కడ ఏమీ కాలేదు. కప్పు మీద దుప్పటి గాలికి ఊగుతోంది. మనసు లెక్కలు వేసుకుంటోంది: అంచు దాకా నీళ్లు జారడానికి కొంతసేపు. ఆ తర్వాత జిగురుమట్టిలోంచి గోడ పాదం దాకా ఇంకి రావాలంటే తక్కువలో తక్కువ రేపు. అంటే టైముంది. పిన్నిని ఇవతలికి తెచ్చేంత టైముంది. ఆమె మెట్ల వైపు అడుగు వేసింది.

"చూశావా," అన్నాడు అన్నయ్య పక్కకు వచ్చి, గొంతులో నిష్ఠూరం లేకుండా, బతిమాలుతున్నట్టు. "ఏం కాలేదుగా."

ఫోను మోగింది. పిన్ని.

డిజైనమ్మ తొందరలో నొక్కేసరికి స్పీకరు తగిలింది.

"ఏమే, ఇందాక ఫోను చేశావా?" పిన్ని గొంతులో భయమేమీ లేదు, విసుగు ఉంది. "పైన ఏం పోస్తున్నారే మీరు? వంటింట్లో గోడ అడుగు నుంచి నీళ్లు ఉబికి వస్తున్నాయి. ఉత్తి నీళ్లు కాదు, నీలంగా ఉన్నాయి. సిరా ఒలికినట్టు."

అన్నయ్య మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. అర్థం కావడానికి అతనికి కొంచెం సేపు పట్టింది.

"అప్పుడే ఎలా వస్తాయి?" అన్నాడు. "జిగురుమట్టి కదా. రేపటిదాకా పట్టాలి కదా."

"మట్టి ఉంటే పడుతుంది," అంది ఆమె.

గోడ వెనక మట్టి లేదు. మొన్నటి వాన దాన్ని కడిగి ఎటో పట్టుకుపోయింది. అంత పొడుగు గోడా, దాన్ని ఆనుకున్న రోడ్డంచూ ఒక బోలు నేల మీద నిలబడి ఉన్నాయి. వెనక పెద్ద ఇంజనీరు హుషారుగా రెండో ట్యాంకరు వదలమంటున్నాడు. తారు బాబాయి ఆ ట్యాంకరు చక్రాన్ని కావలించుకుని కూర్చుని, నన్ను చంపినా వదలనంటున్నాడు.

"పిన్నీ," అంది డిజైనమ్మ, "మిషను వదిలెయ్. అన్నీ వదిలెయ్. ముందు తలుపులోంచి వీధిలోకి వచ్చెయ్. ఇప్పుడే."

"వస్తానులే, అరవకు. వెనక గదిలో ఏదో చప్పుడవుతోంది. రాళ్లు దొర్లుతున్నట్టుంది. ఉండు, చూసి వస్తాను."

"పిన్నీ, వద్దు. వెనక్కి వెళ్లకు."

పిన్ని ఫోను పెట్టేయలేదు. మిషను బల్ల మీద పెట్టినట్టుంది. అన్నయ్య తెల్లచొక్కాతోనే వాలు మీద పరుగు అందుకున్నాడు. అతని వెనకే పరిగెడుతున్న చెల్లెలి చేతిలో ఫోను బతికే ఉంది. అందులోంచి పిన్ని చెప్పుల చప్పుడు, తొందరేమీ లేకుండా, వెనక గది వైపు నడిచి వెళ్లడం ఆమెకు వినిపిస్తూనే ఉంది.